తాత కూర్చున్న ఇటుక

బళ్లారి బ్రూస్‌పేటలో ఉరుకుందప్ప అంగడికి రెండు గదులు. వీధి వైపు గదికి అద్దాల తలుపు, లోపల చల్లగాలి, నల్లటి ఎత్తు కుర్చీలు, గోడంత టీవీలు. దాన్ని అక్క కొడుకు శరణ్ గేమింగ్ సెంటరుగా నడుపుతున్నాడు. పరదా తొలగించి వెనక్కి వెళితే రెండో గది. అక్కడ గోడకు ఆనుకుని మనిషంత ఎత్తున ఒక చెక్కపెట్టె నిలబడి ఉంటుంది. ముఖాన టీవీ అద్దం, దాని కింద పట్టుకుని పట్టుకుని అరిగిపోయిన కర్ర పిడి, పక్కన రెండు గుండీలు. దాని లోపలినుంచి సన్నని రొద ఒకటి ఎడతెగకుండా వినిపిస్తుంది. వేసవిలో కరెంటు పోయి ఊరంతా విసనకర్రలు పట్టుకున్న రోజుల్లో కూడా ఆ రొద ఆగలేదు. ఇంట్లో ఫ్యానుకు లేని ఇన్వర్టరు ఆ పెట్టెకు ఉంది.

ఎందుకని అడిగినవాళ్లకు ఉరుకుందప్ప నేరుగా జవాబు చెప్పేవాడు కాదు. భార్య నింగమ్మ అడిగినప్పుడు, అదొక అఖండదీపమనుకో అన్నాడు. ఆమె అలాగే అనుకుంది. అసలు సంగతి చెప్పి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. కానీ జుట్టు నెరిసిన మగవాడు, ఎప్పటివో పిల్లల గీతలను కాపలా కాస్తున్నానని ఇంటి ఆడదాని ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. మన ఇళ్లలో ఎన్నో విలువైన వస్తువులు ఇలాంటి సిగ్గు వల్లనే పోతుంటాయి.

కప్పగల్లులో మిరప చేలకు కూలికి పోయే ఇంట పుట్టినవాడు ఉరుకుందప్ప. దోణిమలై గనుల వర్క్‌షాపులో కాంట్రాక్టు మనిషిగా మోటార్లు చుట్టడం నేర్చుకున్నాడు. కాంట్రాక్టు చేతులు మారింది. కొత్తగా వచ్చినవాడు తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. చేతిలోని విద్య తప్ప వేరే ఆధారం లేకుండా ఉరుకుందప్ప బళ్లారి చేరాడు. టీవీకి తగిలించి ఆడే వీడియో గేములు అప్పుడప్పుడే ఊళ్లోకి దిగుతున్నాయి. ఒక గది అద్దెకు తీసుకుని, పాత టీవీలు కొన్ని పెట్టి, గంటకింత అని పిల్లలను కూర్చోబెట్టాడు.

ఆ కాలపు ఆటలన్నీ గొప్పవని అతడు ఎన్నడూ అనలేదు. పసుపు రంగు క్యాసెట్ల మీద వేల ఆటలున్నట్లు అచ్చువేసి ఉండేది. తీరా పెట్టి చూస్తే గుప్పెడు ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. మోసం ఆనాడూ ఉంది. అయితే ఆ గుప్పెడులో ట్యాంకుల ఆట ఒకటి ఉండేది. మైదానం నిండా ఇటుక గోడలు, వాటి మధ్య శత్రు ట్యాంకులు, అడుగున కాపాడుకోవలసిన చిన్న కోట. ఆ ఆటలో ఒక మూలన, ఆడేవాడే తన మైదానాన్ని ఇటుక ఇటుకగా కట్టుకునే వీలు ఉండేది. పిల్లలు ఆ మూలను కనిపెట్టిన నాటినుంచి మిగతా ఆటల మొహం చూడలేదు. ఒకే చిక్కు. కరెంటు పోతే కట్టినదంతా పోయేది. బళ్లారిలో కరెంటు పోకుండా ఉండే రోజు ఉండేదా?

ఆ చిక్కును విప్పినవాడు టీవీ మెకానిక్ హొన్నప్ప. ఆ ఆట బోర్డును చెక్కపెట్టెలోకి ఎక్కించి, దానికి ఒక జ్ఞాపకపు చిప్పు అతికించి, చిప్పును బతికించడానికి చిన్న బ్యాటరీ పెట్టాడు. అటుపై ఎవరు ఏ మైదానం కట్టినా అది నిలిచి ఉండేది. పని ముగిశాక హొన్నప్ప గరుకు కాగితం తీసుకుని చిప్పుల మీది నంబర్లన్నీ రుద్ది చెరిపేశాడు. తన పనిని మరొకడు చూసి ఎత్తుకుపోకుండా ఆనాటి మెకానిక్కులు అందరూ చేసేది అదే. ఎత్తుకుపోయేవాడు రాలేదు. బాగుచేయగలిగేవాడు కూడా మరి పుట్టలేదు.

ఆ పెట్టెకు ఒక చట్టం ఏర్పడింది. మైదానం కట్టినవాడు అందరి ఎదుట తన మైదానంలో తాను ఆడి గెలవాలి. తాను దాటలేని అడ్డంకిని ఎదుటివాడి మీద పెట్టే హక్కు ఎవరికీ లేదు. అలా నిలిచిన మైదానాలను హొన్నప్ప వరుసగా కూర్చాడు. ముందుదాన్ని గెలిస్తేనే తరువాతిది కనబడుతుంది. ఇంతటి న్యాయమైన నియమాన్ని ఆ గదిలోని పిల్లలకు ఎవరూ బోధించలేదు. దెబ్బలాడుకుని, అలిగి, మళ్లీ కలిసి వాళ్లే రాసుకున్నారు.

ఆ పిల్లల్లో ఒక్కతే ఆడపిల్ల. పేరు రూపశ్రీ, పక్క బట్టల అంగడి వాళ్ల అమ్మాయి. బడి వదలగానే తండ్రి అంగట్లో సంచి పడేసి ఇక్కడికి వచ్చేది. దోణిమలైలో కిరాణా అంగడి నడిపే తాత దగ్గర సెలవులు గడిపి వచ్చిన ఏడాది, ఆమె తన మైదానం కట్టింది. మెట్లు మెట్లుగా దిగే గని గొయ్యి, దాని చుట్టూ మెలికలు తిరిగే లారీల దారి. కుడివైపు కింది మలుపులో, దేనికీ తాకకుండా, ఒంటరిగా ఒక ఇటుక.

ఆ ఇటుక యాడికీ అడ్డం రాదు గదమ్మా, ఎందుకు పెట్టినావని ఉరుకుందప్ప అడిగాడు.

"అడ్డానికి కాదన్నా. అది మా తాత కూచుండేకి. లారీలు పోతాంటే చూస్తా కూచుంటాడు."

మగపిల్లలు పడీపడీ నవ్వారు. పెద్దాయప్ప మీదికి ట్యాంకు ఎక్కిస్తామన్నారు. కొన్నాళ్లు గడిచేసరికి ఆ మైదానంలో వింత నియమం ఒకటి వచ్చి చేరింది. తాత ఇటుకకు ఎవరి గుండు తగిలినా ఆడేవాడు ఓడినట్లే. యంత్రానికి ఆ నియమం తెలియదు. అది అంకెలు వేసుకుంటూ పోయేది. పిల్లలే మధ్యలో ఆట ఆపి, పిడి వదిలేసి, తప్పుకునేవాళ్లు. శత్రువు గుండునుంచి తాతను కాపాడబోయి కోటనే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ ఆటను తయారుచేసిన వాళ్లు, ఏ దేశంవాళ్లో ఏ ఊరివాళ్లో గాని, కలలో కూడా ఊహించని ఆటను బ్రూస్‌పేట పిల్లలు ఒక్క ఇటుకతో పుట్టించారు.

తరువాత అందరికీ తెలిసినదే జరిగింది. ఫోన్లు వచ్చాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల తరువాతి పిల్లలు రాలేదు. హొన్నప్పకు జబ్బు చేసింది. చివరిసారి వచ్చినప్పుడు పెట్టె తెరిచి మీటరు పెట్టి చూసి, బ్యాటరీ చచ్చిపోయింది, ఇక దీన్ని ఆపొద్దప్పా అన్నాడు. కరెంటు పారుతున్నంతసేపే దానికి జ్ఞాపకం. ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక కొత్తది అతుకుతానన్నాడు. ఆ ఓపిక రానే లేదు. నడుస్తున్న బోర్డుకు వేడి ఇనుము తాకించడానికి ఊళ్లోని మరే మెకానిక్కూ సాహసించలేదు. నంబర్లు లేని చిప్పులను చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు. ఫొటోలు తీసుకుందామన్నా కుదరలేదు. గెలిస్తే గదా మైదానం కనబడేది. ఉరుకుందప్ప వేళ్లలో వణుకు, కళ్లలో పొర. ఆడగలిగిన శరణ్ మొదటి కొన్నింటిలోనే ఓడి, ఇది నాతో కాదు మామా అని లేచిపోయాడు. అతడు ఫోనుతో తీసిన ఒకే ఒక ఫొటోలో ట్యూబులైటు మెరుపు తప్ప ఏమీ లేదు. రూపశ్రీ మైదానం ఎంతో లోపల, ఎవరూ చేరని చోట, చీకట్లో ఉండిపోయింది.

శరణ్ చెడ్డవాడు కాడు. ముందు గదిని నిలబెట్టింది అతడే, ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది దానివల్లనే. మేనమామను ఆటపట్టించకుండా మాత్రం ఉండలేడు. ఒకనాడు కొత్త ఆట తెచ్చి, చల్లగదిలో కూర్చోబెట్టి చూపించాడు.

"చూడు మామా. కొండ ఉండాది, కొండ మీద గడ్డి ఉండాది, గాలొస్తే అల్లాడతాది. మీ డబ్బాలో ఏముండాది? ఇటుక."

ఉరుకుందప్ప నిజంగానే అబ్బురపడ్డాడు. ఆ గడ్డి అల్లాడే తీరును ముందుకు వంగి చూశాడు. అబద్ధమాడే అలవాటు లేని మనిషి. బాగుందని ఒప్పుకున్నాడు. ఆ తరువాత అన్నాడు: "అంతా వాళ్లే పెట్టేసినారు గదప్పా. మనం పెట్టేకి జాగా యాడుండాది?"

"ఎందుకు లేదు? చొక్కా మార్చు, తుపాకికి రంగు మార్చు. దుడ్డు కట్టాల, అంతే."

తానే నవ్వి, మరీ అన్యాయంగా మాట్లాడానని తోచిందేమో, ఊళ్లకు ఊళ్లే కట్టుకునే ఆటలు కూడా ఉన్నాయని శరణ్ ఇంకొకటి తెరిచాడు. అది నిజమే. ఎవరో ఎక్కడో వంతెనలు, కోటలు, నదులు కట్టి పెట్టారు. మరి మన పిల్లలు కడతారా అని మామ అడిగాడు. శరణ్ తల అడ్డంగా ఊపాడు. గంటకు డబ్బు కట్టి కూర్చున్నవాడు కట్టడానికి రాడు, కాల్చడానికి వస్తాడు. ఇల్లు కడుతూ కూర్చుంటే పక్కవాడు నవ్వుతాడు. కాబట్టి ఆటల్లో కల్పన చచ్చిందా, ఆడేవాళ్లకు దానికోసం కేటాయించే తీరిక చచ్చిందా అన్నది మామా అల్లుళ్ల మధ్య తేలలేదు. ఉరుకుందప్ప పరదా తొలగించుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

శ్రావణంలో రూపశ్రీనుంచి ఫోను వచ్చింది. ఆమె ఇప్పుడు బెంగళూరులో మొబైల్ ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగంలో ఉంది. ఆ పెట్టె ఇంకా నడుస్తున్నదని తండ్రి చెబితే నమ్మలేకపోయిందట. నంబర్లు లేకపోయినా చిప్పులోనిది చదివి దింపుకునే పరికరం ఒకటి స్నేహితుడి దగ్గర ఉందని, దసరాకు ఇంటికి వచ్చేటప్పుడు తెస్తానని చెప్పింది. అంతవరకు దాన్ని ఆపొద్దని బతిమాలింది. ఆఫీసులో ఎవరో, నీ సొంతంగా నువ్వు చేసిన ఆట ఏదైనా చూపించు అంటే, ఎంత వెదుక్కున్నా ఆమెకు అదొక్కటే గుర్తుకు వచ్చిందట.

మరి అక్కడ నువ్వు చేసే పనేందమ్మా అని ఉరుకుందప్ప అడిగాడు.

"ఆడేవాడికి యాడ విసుగొస్తాదో కనిపెట్టాల అన్నా. ఆ విసుగు దగ్గర ఒక అంగడి పెట్టాల. అదే నా పని."

ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. అయినా ఫోను పెట్టేశాక ఉరుకుందప్ప ఆ మాటను చాలారోజులు మోశాడు. ఆనాటినుంచి పెట్టె అతడికి పాత వస్తువుగా కాక, ఒక అమ్మాయి తనకు అప్పగించిన సొత్తుగా కనబడసాగింది. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు తానే చూసుకున్నాడు. ప్లగ్గు దగ్గరికి శరణ్‌ను కూడా రానివ్వలేదు. నింగమ్మకు మాత్రం అప్పుడు కూడా ఏమీ చెప్పలేదు.

ఆయుధపూజ వచ్చింది. ఆనాడు బళ్లారిలో ఏ యంత్రమూ పనిచేయదు. జీన్సు కుట్టే మిషన్లనుంచి లారీల దాకా అన్నిటినీ ఆపి, తుడిచి, విభూతి పట్టెలు పెట్టి, పూలు చుట్టి, విజయదశమి దాకా విశ్రాంతి ఇస్తారు. నింగమ్మ సేద్యగాళ్ల ఇంటి బిడ్డ. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టడం ఆమెకు ఊహకు కూడా అందని పాపం. ఏటా అన్ని యంత్రాలకూ పూజ చేస్తూ, వెనక గదిలో ఆ ఒక్కటి మాత్రం రొద పెడుతూ ఉండడం ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. ఈ ఏడు వేసవిలో ఉరుకుందప్ప గుండెనొప్పితో ఆసుపత్రిలో పడుకున్నాడు. అలసిన ప్రాణిని ఆపకుండా తోలుతున్నాము, ఆ ఉసురు ఇంటాయనకు తగిలిందని ఆమె మనసులో నిశ్చయమైంది. అఖండదీపమన్న పాత మాట ఆ భయం ముందు నిలవలేదు.

పొద్దున్నే ఉరుకుందప్ప అరటి పిలకలకు, బూడిద గుమ్మడికాయకు మార్కెట్టుకు వెళ్లాడు. చెండుపూలు బేరం చేసి, బొరుగుల సంచి భుజాన వేసుకుని తిరిగి వచ్చాడు. శరణ్ ముందు గదిలో టీవీలన్నీ ఆపి తడిగుడ్డతో తుడుస్తున్నాడు. ఉరుకుందప్ప పరదా తీసి గడపలోనే నిలిచిపోయాడు. గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో అతడు ఎన్నడో మరిచిపోయాడు.

పెట్టె శుభ్రంగా మెరుస్తోంది. ఏళ్ల దుమ్మంతా పోయింది. నల్లని అద్దం మీద మూడు విభూతి పట్టెలు, నడుమ కుంకుమ. పిడికి చామంతి దండ. ఊడదీసిన ప్లగ్గు తీగను నింగమ్మ చక్కగా చుట్టి పెట్టెమీద పెట్టింది. ప్లగ్గుకు కూడా బొట్టు పెట్టింది.

"పాపం, అది కూడా అలిసిపోయి ఉంటాది గదా. ఈ పొద్దన్నా నిద్రపోనీ," అంది ఆమె. భర్త ముఖం చూసి కాస్త తగ్గి, "తప్పు చేస్తినా?" అని అడిగింది.

ఉరుకుందప్ప బొరుగుల సంచి దించాడు. ఆమె చీర కొంగు దుమ్ముతో నల్లబడి ఉంది. వేలికి చెక్క పేడు గుచ్చుకున్నట్లుంది, పసుపు అద్దుకుంది.

"లేదులే. మంచిదే చేసినావు," అన్నాడు.

ఒక పాత శాసనపు రాతిని కదిలించాలంటే నోటీసు, విచారణ, సంతకం కావాలి. ఒక ఊరి పిల్లల బాల్యాన్ని తుడిచేయడానికి ప్లగ్గు చాలు, అదీ ప్రేమతో. దీనికి ముద్దాయి ఎవరు? నంబర్లు చెరిపిన హొన్నప్పా, నోరు విప్పని భర్తా, దయ చూపిన భార్యా? ఏ ఒక్కరిని నిలబెట్టినా నేరం సగమే రుజువవుతుంది.

ఉరుకుందప్ప దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టాడు. అన్ని యంత్రాలకూ ఇచ్చినట్లే ఆ పెట్టెకూ కర్పూరహారతి ఇచ్చాడు. అప్పటికప్పుడు ప్లగ్గు పెట్టి చూడవచ్చు. చూడలేదు. పూజ చేసిన యంత్రాన్ని దశమి దాకా ముట్టుకోకూడదన్న నియమం అతడికి ఆ రోజు గొప్ప ఆసరా అయింది. చచ్చిందనుకున్న బ్యాటరీలో చారెడు ప్రాణం మిగిలి ఉండవచ్చునేమోనన్న ఆశను, ఆ నియమం చాటున ఒక రాత్రి పాటు దాచుకున్నాడు.

విజయదశమి నాడు రూపశ్రీ భుజాన సంచితో వచ్చింది. పరదా తీస్తూనే ఆమెకు తెలిసిపోయింది. ఉరుకుందప్ప రెండు మాటల్లో జరిగింది చెప్పాడు, నింగమ్మ పేరు ఎత్తలేదు. తానే ఆపానన్నాడు. ఆమె నమ్మిందో లేదో తెలియలేదు. వంగి ప్లగ్గు పెట్టింది.

రొద మొదలైంది. విభూతి పట్టెల వెనక ఆట పేరు వెలిగింది. మొదటి మైదానం తెరుచుకుంది. ఒక్క ఇటుక లేదు. నల్లటి ఖాళీ నేల, అడుగున కోట, పైనుంచి దిగుతున్న శత్రు ట్యాంకులు. రూపశ్రీ పిడి పట్టుకుంది. ఖాళీ నేల మీద గెలవడానికి నైపుణ్యం అక్కర్లేదు. శత్రువులు ఎదురుగా వచ్చారు, ఆమె కాల్చేసింది. రెండోది తెరుచుకుంది. అదీ ఖాళీ. ఆమె ఆగలేదు. ఏళ్ల తరబడి ఎవరూ దాటలేని మైదానాలన్నిటినీ, అడ్డేమీ లేదు గనుక, ఒకదాని వెంట ఒకటిగా దాటుకుంటూ పోయింది. చివరికి తన మైదానం ఉండవలసిన చోటికి వచ్చింది. అక్కడ కూడా మిగతావాటిలాగే నల్లటి నేల.

పిడి వదిలేసి ఆమె కాసేపు వేళ్లు నులుముకుంది. తరువాత, మళ్లీ కడతానన్నా అంది.

స్టూలు లాక్కుని కూర్చుంది. ఉరుకుందప్ప ఆమె వెనక నిలబడ్డాడు. అప్పటిలాగే ఇటుక ఇటుకగా పెట్టసాగింది. గని గొయ్యి మెట్లు వచ్చాయి. లారీల దారి మెలికలు తిరిగింది. ఆమె చేయి తడబడలేదు. ఎడమన ఒక మెట్టు పెడితే కుడిన ఒకటి పెట్టింది. ఒకచోట దారి ఇరుకైతే, ఇంకొకచోట వెడల్పు చేసింది. పెడుతూ వివరించింది కూడా. శత్రువు ఈడ చిక్కుకుంటాడు, ఆడేవాడికి ఈడ ఊపిరి దొరుకుతాది, ఈ మలుపు దగ్గర విసుగు రాకుండా ఈ గోడ. ఏ ఇటుకా వృథాగా లేదు. అద్దం మీద అచ్చుపోసినట్లు, అందంగా, సమంగా ఉంది.

ఉరుకుందప్ప కుడివైపు కింది మలుపును చూస్తూ నిలబడ్డాడు. అది ఖాళీగా ఉంది. చివర్లో పెడుతుందేమో అనుకున్నాడు.

ఆమె పాత చట్టాన్ని మరవలేదు. కట్టినది తానే ఆడింది, మొదటిసారికే గెలిచింది. వెనక్కి తిరిగి, బాగుందా అన్నా అని అడిగింది. అతడి చూపు ఎక్కడ నిలిచిందో గమనించి తానూ అటు చూసింది. అక్కడ ఆమెకు ఏమీ కనబడలేదు.

"ఏమన్నా మరిచినానా?"

చెప్పవచ్చు. ఒక్క మాట చెబితే ఆమె అక్కడ ఒక ఇటుక పెడుతుంది. నవ్వుతుంది, కన్నీళ్లు కూడా పెట్టుకుంటుంది. కానీ అప్పుడు అది ఉరుకుందప్ప చెప్పి పెట్టించిన ఇటుక అవుతుంది. తాత అక్కడికి వచ్చి కూర్చోడు.

"లేదమ్మా," అన్నాడు. "అంతా ఉండాది."

ఆమె ఇంకొంతసేపు అద్దం వైపు చూసింది. ఇట్లాంటివి ఆఫీసులో రోజూ కడతానన్నా అని మెల్లగా అంది. తెచ్చిన పరికరాన్ని సంచిలోంచి తీయనే లేదు. వెళ్లేటప్పుడు ముందు గదిలో శరణ్ ఏదో పలకరిస్తే తల ఊపి, అద్దాల తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

పళ్లెంలో బొరుగులు, బెల్లం పెట్టుకుని నింగమ్మ పరదా తీసింది. వచ్చినామె బొరుగులైనా నోట్లో వేసుకోకుండా పోయిందని నొచ్చుకుంది. వెలుగుతున్న అద్దంలో ఇటుకల వరసలు చూసి ముచ్చటపడింది. విశ్రాంతి ఇచ్చినందుకు ఎంత తేటగా ఉందో చూడమంది.

"ఇంక దినమూ మాపటికి ఆపొచ్చు గదా దీన్ని?"

"ఆపొచ్చు," అన్నాడు ఉరుకుందప్ప.

తానే వంగి ప్లగ్గు తీశాడు. రూపశ్రీ కట్టిన గొయ్యి, దారి, గోడలు ఒక్కసారిగా నల్లబడ్డాయి. నింగమ్మ పళ్లెం స్టూలు మీద పెట్టి, పిడి మీద జారిన చామంతి దండను సరిచేసింది.